ముప్పై ఎనిమిదో మేకు

డ్రైవరు ఆ ఉదయం అన్నగారి దుకాణానికి ఒక కాలికే చెప్పుతో వచ్చాడు.

"రెండోది ఏదిరా?" అన్నాడు మేస్త్రి, ఒళ్లో ఉన్న బూటు మీద నుంచి తల ఎత్తకుండానే. నలభై ఏళ్లుగా బూట్లు కుడుతూ, కాళ్లు చూసి మనుషుల్ని గుర్తుపట్టే మనిషి ఆయన. ముఖం చూడటం ఆ తర్వాతి పని.

డ్రైవరు కిందికి చూసుకున్నాడు. చూసుకున్నాకే తెలిసింది, ఎడమ కాలు వట్టిదని. వెనక్కి తిరిగితే మందుల షాపు మలుపులో, రోడ్డు మధ్యన, రబ్బరు చెప్పు బోర్లా పడి ఉంది. సైకిలు ఒకటి దాన్ని తప్పించుకుని పోయింది.

"జారినట్టుంది అన్నయ్యా."

"చెప్పు జారితే తెలియని వాడివి, రేపు దారిలో సంచీ జారినా తెలియదు నీకు. ఆ దేవుడి ముందు నిలబడేసరికి ఒంటి మీద చొక్కా అయినా మిగులుతుందా?"

దుకాణం వెనకే ఇల్లు, మధ్యలో ఒక పరదా. పరదా అవతలి నుంచి వదిన గొంతు వచ్చింది. ఆమె మేస్త్రి భార్య. డ్రైవరు పిలిచే పిలుపు అంటుకుని వీధి మొత్తానికీ వదిన అయిపోయింది. "ఊరుకోండి మీరు. మనసు మనసులో లేని మనిషికి చెప్పు మీద ధ్యాస ఎక్కడుంటుంది?"

ఆ మాటతో మేస్త్రి ఒళ్లోని బూటు పక్కన పెట్టాడు. తనే లేచి వెళ్లి, ఆ చెప్పు తెచ్చి, తమ్ముడి కాలి దగ్గర పెట్టాడు. అన్నగా ఆయన ఆ ఏడాదంతా చేయగలిగింది అదే. తమ్ముడు పోగొట్టుకునే చిన్న చిన్న వస్తువులు ఏరి తేవడం. పెద్దది ఎవరూ తేలేరు.

డ్రైవరు ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపాడు. కూతురికి మూడేళ్లప్పుడే భార్య పోతే, పిల్లను సగం వదినే పెంచింది. ఒక్క క్షణం నోరు మూయకుండా కిచకిచలాడేదని ఆ పిల్లను అందరూ పిచ్చుక అనేవారు. ఇరవై ఆరో ఏట పిచ్చుకకు రక్తంలో జబ్బు చేసింది. డ్రైవరు ఉద్యోగం మానేసి ఆస్పత్రి వరండాలో తొమ్మిది నెలలు కూర్చున్నాడు. అక్కడే ఒక రోజు, మంచినీళ్ల కుళాయి పక్కన నిలబడి మొక్కుకున్నాడు. పిల్ల నడిచి ఇంటికి వస్తే, తను క్షేత్రానికి నడిచి వస్తానని. నాలుగు వందల ఎనభై కిలోమీటర్లు. ముప్పై ఒక్క రోజుల నడక.

పిల్ల నడిచి రాలేదు. పధ్నాలుగు నెలలైంది.

మొక్కు అక్కడితో రద్దయిపోయిందనే అందరూ అనుకున్నారు. అందుకే రెండు నెలల కిందట డ్రైవరు వచ్చి, "అన్నయ్యా, నాకో జత బూట్లు కుట్టు. నేను నడుస్తున్నా" అన్నప్పుడు మేస్త్రికి ఏమీ బోధపడలేదు.

"దేనికిరా? ఆయన నీ పని చేయలేదుగా?"

"చేయలేదు. ఆయన మాట తప్పాడు. నేను తప్పను."

"ఆయన నీకు మాటిచ్చాడట్రా?"

"విన్నాడుగా. విని ఊరుకుంటే ఒప్పుకున్నట్టే." డ్రైవరు గొంతులో కోపం కూడా లేదు. టికెట్టు లేనివాణ్ణి దిగిపొమ్మన్నట్టు మామూలుగా చెబుతున్నాడు. "నడిచి వెళ్లి, ఎదురుగా నిలబడి, నేను నా మాట మీద వచ్చాను, నువ్వేం చేశావ్ అని అడుగుతా. బస్సెక్కి వెళ్తే ఆ మాట అడిగే హక్కు నాకుండదు."

పరదా వెనక గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆ ఒక్క ప్రశ్న కోసం సామాను సర్దడం మొదలైంది.

క్షేత్రానికి ఏటా వానలు వెనకపట్టాక ఒక గుంపు నడిచి వెళుతుంది. గుంపు పెద్ద ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. వచ్చేవాళ్లందరికీ ఆయన అచ్చు వేయించిన కాగితం ఒకటి ఇచ్చాడు. అందులో మొదటి వాక్యం కింద రెండు గీతలున్నాయి: సంచీ బరువు మనిషి బరువులో పదో వంతు దాటకూడదు. డ్రైవరు అరవై రెండు కిలోలు. అంటే సంచీకి ఆరు కిలోలు, ఆపైన ఒక చిటికెడు. పాత పేపర్లు కొనేవాడి దగ్గర ముల్లు కాటా అడిగి తెచ్చి, వదిన దాన్ని వంటింటి గుమ్మానికి వేలాడదీసింది. ఇక ఆ ఇంట్లో కాటా కొక్కేనికి తగలని వస్తువు లేదు.

"గ్లాసుకు ముల్లు కదలనే లేదు వదినా. బరువు లేనట్టే. పెట్టెయ్."

"అలా ముల్లు కదలనివి పాతిక పెట్టావంటే ముల్లే విరుగుతుంది. దోసిట్లో తాగు. దుప్పటి ఒకటి చాలు, రెండోది తీసెయ్."

"చలేస్తే?"

"చలేస్తే లేచి నడువు. నడవడానికేగా వెళ్తున్నావు."

పలచటి మేజోళ్లు రెండు జతలు, వాటి మీదికి మందపాటివి రెండు. టార్చిలైటు. సబ్బులో సగం ముక్క. తాడు పది మూరలు, బట్టలు ఆరేసుకోవడానికి. చేతికర్ర దగ్గర మాత్రం పెద్ద రగడే జరిగింది. బజారులో మడిచే కర్రలు దొరుకుతాయని మేస్త్రి, అవి గొడుగు కాడల్లా ఉంటాయని డ్రైవరు. చివరికి అటక మీది వెదురుకర్ర దించి, దాని కొసకు మేస్త్రి టైరు రబ్బరు తొడిగాడు. డ్రైవరు దాన్ని పిడికిట్లో బిగించి, ముందుకీ వెనక్కీ ఊపి చూశాడు.

"ఇదీ! గేరు రాడ్డు పట్టిన చెయ్యి అన్నయ్యా, ఏదో ఒకటి పట్టుకోకపోతే నాకు రోడ్డు మీద దారి తోచదు. ముప్పై నాలుగేళ్లు కూర్చుని తిరిగినవాణ్ణి, ముప్పై ఒక్క రోజులు నిలబడి తిరగలేనా?"

వదిన ఒక చిన్న డబ్బాలో దూది, సూది, దారం, పూతమందు సర్దింది, బొబ్బలకు. డ్రైవరు ఆ డబ్బా తీసి పక్కన పెట్టేశాడు.

"ఇదొద్దు. నాకు బొబ్బలు రావు."

"రావని రాసిచ్చాడా ఆ డ్రిల్లు మాస్టారు? వస్తే ఏం చేస్తావ్?"

"వచ్చినా నాకు తెలియదులే వదినా."

ముగ్గురూ నవ్వారు. చాలా రోజులకు అతని నోటి నుంచి ఒక హాస్యం వచ్చిందని వదిన ఆ పూట సంతోషపడింది కూడా.

అన్నీ వేసి తూస్తే అయిదున్నర కిలోలు వచ్చింది. అప్పుడు డ్రైవరు చంకలోంచి ఒక కవరు తీశాడు. లోపల పసుపుపచ్చ వానకోటు. పిచ్చుక ఆఫీసుకు వేసుకెళ్లేది. జేబు దగ్గర చిన్న చిరుగు, దాని మీద ఆ పిల్లే అంటించుకున్న టేపు ముక్క. అది డ్రైవరుకు ఒక భుజం వరకే పడుతుంది.

మేస్త్రి దాన్ని కొక్కేనికి తగిలించాడు. దాదాపు కిలో.

"ఒరేయ్, ఇది నీకు పట్టదు. వానకు పనికిరాదు. లెక్క దాటిపోతోంది."

"పట్టదు," అన్నాడు డ్రైవరు. అని, దాన్ని మళ్లీ కవర్లో పెట్టుకోలేదు, సంచీలోనూ పెట్టలేదు. చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

వదిన వచ్చి, సంచీలోంచి రెండో జత బట్టలూ సబ్బు ముక్కా తీసి గట్టు మీద పెట్టింది. వానకోటు మడత పెట్టి అడుగున దూర్చింది. "ఉన్న జతే రోజూ ఉతుక్కుంటాడు," అంది మొగుడి వంక చూడకుండా. "సరిపోయింది. చూడండి ముల్లు."

ముల్లు ఆరు దాటి ఆగింది. మేస్త్రి సరిపోయిందనే అన్నాడు.

ఇక బూట్లు. మిగతాదంతా బజారులో దొరికేదే. బూట్లొక్కటే మేస్త్రి చేతిలో పని. తమ్ముడి పాదాల్ని కాగితం మీద నిలబెట్టి, చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. పెన్సిలు కొన అరికాలి వంపులోకి దూరినప్పుడు ఎంతటివాడైనా కాలు వెనక్కి లాక్కుంటాడు. డ్రైవరు గుంజలా నిలబడి ఉన్నాడు.

"చిన్నప్పుడు పాదం ముట్టుకుంటే చాలు, ఇల్లు ఎగిరిపోయేట్టు నవ్వేవాడివి."

"పెద్దవాణ్ణయ్యానుగా అన్నయ్యా."

దుఃఖం మనిషి అరికాలి చక్కిలిగిలి దాకా పోయి కూర్చుందే అనుకున్నాడు మేస్త్రి. తల వంచుకుని గీత పూర్తి చేశాడు.

మామూలుగా ఆయన గోడకు వేలాడే పాదం ఆకారపు కొయ్య అచ్చుల్లోంచే ఎవరి పాదానికి దగ్గరిది వాళ్లకు తీస్తాడు. తమ్ముడికి మాత్రం కొత్త అచ్చులు చెక్కాడు. చెక్కడానికే తొమ్మిది రోజులు పట్టింది. తోలు కోశాక, లోపలి అడుగును అచ్చు కింద చిన్న మేకులతో బిగిస్తారు. పై తోలు లాగి కుట్టి, కింది అడుగు అతికించే ముందు ఆ మేకులన్నీ పీకేయాలి. ఒక్కటి మిగిలినా, అచ్చు బయటికి తీశాక దాని మొన పాదం వైపు నిలబడుతుంది. అందుకని మేస్త్రికి ఒక లెక్క ఉంది. బూటుకు పంతొమ్మిది, జతకు ముప్పై ఎనిమిది. పీకిన మేకు పీకినట్టు పాలిష్ డబ్బా మూతలో వేస్తాడు. చివర్న లెక్కపెడతాడు. నలభై ఏళ్లలో ఆ లెక్క తప్పలేదు.

మేకులు పీకుతున్న సాయంత్రమే డ్రైవరు వచ్చి ఎదురుగా పీట మీద కూర్చున్నాడు.

"అన్నయ్యా, అక్కడ క్యూలో ఒక్కొక్కరికీ ఎంతసేపు ఇస్తారట?"

"గట్టిగా ఒక నిమిషం ఇస్తారేమో. ఏం?"

"అయితే పొట్టిగా అడగాలి. విను. 'నేను వచ్చాను. అది ఎందుకు రాలేదు?' అంతే. చాలా?"

మేస్త్రి చేతిలో పటకారు ఆగింది. ఆయన తమ్ముడి ముఖంలోకి చూశాడు. మామూలుగా చివర్న చూసే ముఖం. "చాలురా," అన్నాడు. "అంతకంటే ఎక్కువ అడిగినా ఏం చెప్తాడు?"

డ్రైవరు వెళ్లాక మూతలో మేకులు లెక్కపెడితే ముప్పై ఏడు వచ్చాయి. మళ్లీ పెట్టాడు. ముప్పై ఏడే. దీపం దగ్గరికి జరుపుకుని వెతికితే మోకాలి పక్కన చాప మీద ఒకటి మెరిసింది. తీసి మూతలో వేశాడు. ముప్పై ఎనిమిది. హమ్మయ్య అనుకుని కింది అడుగు అతికించాడు. అచ్చు లాగేశాక లోపల మెత్తటి తోలు పొర వేసి, చెయ్యి పెట్టి తడిమితే వెన్నలా ఉంది.

బయల్దేరడానికి ఇంకా పదిహేను రోజులుంది. కొత్త బూట్లు కాలికి లొంగాలి కదా. డ్రైవరు మొదటి రోజు ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చాడు. మేస్త్రి సుద్దముక్క చేత్తో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. అది ఆయన పద్ధతి. ఎక్కడైనా నొక్కుతోందా అని అడుగుతాడు. బూటు తొడుక్కున్నవాళ్లు చెప్పిన చోట సుద్దతో గీత పెడతాడు. ఆ చోటును తడిపి, సాగదీసి, మళ్లీ ఇస్తాడు. చిన్నపిల్లల బూట్లయితే వారం వారం తనే లోపల చెయ్యి పెట్టి చూస్తాడు, వాళ్లకు చెప్పడం రాదని. పెద్దవాళ్లకు నోరుంది.

"ఎక్కడైనా నొక్కుతోందా?"

"ఎక్కడా లేదన్నయ్యా. పువ్వులా ఉంది."

"మడమ దగ్గర? చిటికెన వేలు దగ్గర? మొహమాటపడకు, నేను నీ అన్నని, కంపెనీ వాణ్ణి కాదు."

"పువ్వంటే నమ్మవేం?"

రెండు రోజులాగి పన్నెండు కిలోమీటర్లు. మళ్లీ పువ్వే. మేస్త్రి సుద్దముక్కను జేబులో వేసుకుని పక్క దుకాణం టైలరు దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. "నలభై ఏళ్లయ్యా. మొదటి నడకకే ఎక్కడా నొక్కని జత ఇన్నాళ్లకు నా చేతిలో పడింది. వాడి కోసమే దాచిపెట్టుకున్నట్టున్నాను ఈ పనితనం," అన్నాడు. తమ్ముడి కూతుర్ని ఆయన బతికించలేకపోయాడు. తమ్ముడి కాళ్లకు నొప్పి లేకుండా మాత్రం చేయగలిగాడు. ఆ ఒక్క సంగతి పట్టుకుని ఆయన రెండు రాత్రులు హాయిగా నిద్రపోయాడు.

అయిదో రోజు పద్దెనిమిది కిలోమీటర్లు. మధ్యాహ్నానికి తిరిగివచ్చి, బూట్లు దుకాణంలో విప్పేసి, మేజోళ్లతోనే పరదా తొలగించుకుని లోపలికి వెళ్లాడు డ్రైవరు. వదిన అప్పుడే గచ్చు తుడిచి గుడ్డ పిండుతోంది.

"ఏమయ్యా, తడి గచ్చు మీద... అదేంటది, ఎర్ర సిరా తొక్కొచ్చావా?"

గుమ్మం నుంచి నీళ్ల బిందె దాకా, అడుగుకొకటి చొప్పున ఎర్రటి మచ్చలు. కుడికాలి అడుగులే. డ్రైవరు వెనక్కి తిరిగి వాటిని చూశాడు. చెప్పు జారిన రోజు రోడ్డును చూసినట్టే చూశాడు.

మేజోడు విప్పబోతే రాలేదు. వదిన నీళ్లు పోసి తడిపి విప్పింది. బొటనవేలి మొదట్లో, అరికాలి మెత్త మీద, చిన్న గుంట. చుట్టూ చర్మం నల్లగా ఉబ్బి ఉంది. వాసన. అది ఒక్కనాటి గాయం కాదని చూడగానే తెలుస్తోంది.

"అయ్యో... అయ్యో నాయనా... ఇంత పుండు పెట్టుకుని ఎలా నడిచావయ్యా?"

"నాకు తెలియలేదు వదినా," అన్నాడతను. ఆ పాదాన్ని ఎవరిదో తప్పిపోయిన వస్తువును చూసినట్టు చూస్తున్నాడు.

మేస్త్రి దుకాణంలోకి పరిగెత్తి కుడి బూటులో చెయ్యి పెట్టాడు. వేలికి చురుక్కుమంది. వెనక్కి లాగితే వేలి కొసన రక్తపు చుక్క. ఆయనకు వెంటనే తెలిసింది. తెలియడమంటే అదే కదా, వెంటనే. చాప మీద ఎప్పుడూ ఏదో ఒక పాత మేకు దొర్లుతూనే ఉంటుంది. ఆ సాయంత్రం మూతలో వేసిన ముప్పై ఎనిమిదోది ఆ జత మేకు కాదు. జత మేకు ఇక్కడుంది. మెత్తటి తోలు పొర కింద దాక్కుని, అడుగులు పడ్డకొద్దీ పైకి లేచి, ముప్పై ఆరు కిలోమీటర్లు తమ్ముడి పాదంలో దిగుతూ ఉంది. సుద్దముక్క చేత పట్టుకుని తను పువ్వు మాట వింటూ కూర్చున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వయసులో పిచ్చుక అంత ఉంటుంది. గాలపు దారం లాంటి ప్లాస్టిక్ దారం ముక్క ఒకటి తీసి, "కళ్లు మూసుకోండి. పాదానికి ఇది తగిలినప్పుడల్లా 'ఆ' అనండి," అంది.

డ్రైవరు బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. ఆమె మడమ మీద ఆనించింది. అరికాలి వంపులో ఆనించింది. ఒక్కో వేలి కింద ఆనించింది. దారం వంగుతోంది, లేస్తోంది. పాదానికి పది చోట్లు. రెండు పాదాలు. మేస్త్రి మంచం చివర నిలబడి లెక్కపెడుతున్నాడు. ప్రతిసారీ 'ఆ' అనే మాట ఆయన నోటి దాకా వచ్చి ఆగుతోంది. తమ్ముడి బదులు తను అంటే సరిపోతుందేమో అన్నంత ఆశ పుట్టింది ఆ క్షణంలో.

డ్రైవరు కళ్లు మూసుకునే నవ్వాడు. "నేను రెడీ అమ్మా. మొదలుపెట్టండి."

"అయిపోయిందండీ," అంది డాక్టరమ్మ.

షుగరు నాలుగు వందలు దాటి ఉంది. ఎన్నేళ్ల నుంచి ఉందో చెప్పలేమంది. పాదాల్లో నరాలు చచ్చిపోయాయంది. ఎప్పటి నుంచి స్పర్శ తెలియట్లేదు అని అడిగితే డ్రైవరు సమాధానం చెప్పలేదు. ఆమె బయటికి వెళ్లాక అన్నకు చెప్పాడు.

"బండి దిగకముందు నుంచే అన్నయ్యా. బ్రేకు మీద కాలుందో లేదో వంగి చూసుకుంటే గానీ తెలిసేది కాదు. ఒక రోజు స్కూలు ముందు చూసుకోవడం ఆలస్యమైంది. ఎవరికీ ఏం కాలేదు. మర్నాడే తాళాలు ఇచ్చేశాను."

"మేమంతా పిచ్చుక కోసం మానేశావనుకున్నాం కదరా!"

"ఆ వారమే దాని జబ్బు బయటపడింది. మీరంతా అలా అనుకున్నారు. నేనూ అలాగే ఉండనీ అనుకున్నా. దాని జబ్బు ముందు నా కాళ్లొక లెక్కా?"

మేస్త్రి మంచం అంచు మీద కూలబడ్డాడు. చెప్పు జారిన రోజు, చక్కిలిగిలి లేని రోజు, బొబ్బలొచ్చినా తెలియదులే అని నవ్వించిన రోజు, ఒక్కొక్కటే వరసగా గుర్తొచ్చాయి. ఏమీ దాచలేదు పాపం, అన్నీ కళ్లెదుటే పెట్టాడు. ముగ్గురూ కలిసి అన్నిటినీ దుఃఖం ఖాతాలో వేసేశారు. దుఃఖంలో ఉన్న మనిషికి ఏమైనా అవుతుందని, ఏమైనా సహజమేనని, పాదం చచ్చిపోయినా అది కూడా బాధేనని.

"ఆ మేకు నాదిరా," అన్నాడు.

"తెలుసు. అది కాకపోతే దారిలో ఏ రాయో ఉండేది."

ఆ మాట ఓదార్పుగానే అన్నాడు తమ్ముడు. మేస్త్రికి ఓదార్పు కాలేదు. రాయి దారిది. మేకు తనది.

ఆస్పత్రిలో చేరిన నాలుగో రోజు బొటనవేలు తీసేశారు. మరో ఆరు రోజులకు పక్క వేలు. గుంపు బయల్దేరే ముందు రోజు డ్రిల్లు మాస్టారు వార్డుకు వచ్చాడు. మెడలో ఈల, చేతిలో నలభై పేర్ల జాబితా. ఏం మాట్లాడాలో తెలియక మంచం పక్కనున్న సెలైను సీసాను చూస్తూ, "వచ్చే ఏడు చూద్దాం లెండి," అన్నాడు. వచ్చే ఏడు కూడా లేదని, ఇక వీధి చివరిదాకా నడవాలన్నా కాలు చూసుకుంటూ నడవాలని డాక్టరమ్మ చెప్పిన సంగతి ఎవరూ ఆయనకు చెప్పలేదు.

"మాస్టారూ," అన్నాడు డ్రైవరు, దిండు మీద నుంచి కొంచెం లేచి. "అక్కడికెళ్లాక నా మాటగా ఒకటి అడుగుతారా?"

"తప్పకుండా. ఏమడగమంటారు?"

డ్రైవరు నోరు తెరిచాడు. ఎన్ని సాయంత్రాలు సాన పట్టిన మాట అది, పొట్టిగా, నిమిషంలో సగానికి సరిపోయేట్టు. తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు.

"వద్దులెండి. అది బస్సెక్కి వెళ్లినట్టే అవుతుంది."

మాస్టారు వెళ్లిపోయాడు. పక్క మంచం అతని రేడియో ఏదో గొణుగుతోంది.

"చూశావా అన్నయ్యా," అన్నాడు డ్రైవరు, పైకప్పు వైపు చూస్తూ. "ఇప్పుడు ఇద్దరం మాట తప్పినవాళ్లమే. ఆయనా, నేనూ సమానమైపోయాం. ఇక ఏ ముఖం పెట్టుకుని అడగను?"

మేస్త్రి దుప్పటి అంచు సర్దాడు. తమ్ముడికి ఈ లోకంలో మిగిలింది ఒక్క ప్రశ్న. అది కూడా తన చేతి మీదుగానే పోయింది.

ఇంటికి తెచ్చాక వదిన ఎవరికీ చెప్పకుండా సంచీ విప్పింది. తాడు పెరట్లో కట్టింది. టార్చిలైటు గూట్లో పెట్టింది. వానకోటు ఎక్కడ పెట్టాలో తెలియక మూడు చోట్లు మార్చి, చివరికి దుకాణంలో అచ్చులు వేలాడే మేకుకే తగిలించింది. వాన పడుతుంటే ఆగిన బేరాలవాళ్లు, "ఆ కోటు ఓసారి ఇస్తారా, మళ్లీ తెచ్చిస్తాం" అని అడుగుతుంటారు. "అది ప్రయాణంలో ఉందండీ," అంటుంది వదిన. అదేం జవాబో వాళ్లకు అర్థం కాదు. తడుస్తూ పోతారు.

మేస్త్రి ఎవర్నీ నొక్కుతోందా అని అడగడం మానేశాడు. ఏ బూటైనా, ఎవరిదైనా, ఇచ్చే ముందూ చెయ్యే, మళ్లీ వచ్చినప్పుడూ చెయ్యే. చాపను రోజుకు రెండుసార్లు దులుపుతాడు. ఆ ముప్పై ఎనిమిది మేకులున్న మూతను అల్మారాలో అట్టడుగున పెట్టాడు. పారెయ్యలేదు.

మూడు నెలలకు పుండు మానింది. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది, వేళ్లు లేనిచోట బెండు నింపి, మెత్తటి అడుగుతో బూటు కుట్టమని. నడక కోసం కాదు. మంచం నుంచి దుకాణం దాకా రావడానికి. మేస్త్రి ఆ కొత్త అచ్చునే తీసి, తొమ్మిది రోజులు చెక్కిన ఆ పాదం ముందు భాగాన్ని రంపంతో కోశాడు. కోస్తున్నంతసేపూ వదిన పరదా ఇవతలికి రాలేదు.

బూటు తొడిగిన రోజు డ్రైవరు వెదురుకర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. పరదా నుంచి గుమ్మం దాకా ఆరడుగులు. ఒక్కో అడుగూ కిందికి చూసుకుంటూ వేశాడు. గుమ్మం దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగాడు. ముఖం అదోలా పెట్టాడు.

"అన్నయ్యా. నొక్కుతోంది."

మేస్త్రి గబుక్కున లేచాడు. పీట తన్నేసుకుంటూ వచ్చి తమ్ముడి కాలి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నొక్కుతోందా? నిజంగానా? ఎక్కడరా? చెప్పు, ఎక్కడ?"

"బొటనవేలు."

మేస్త్రి తల ఎత్తలేదు. వదిన చేతిలో పరదా అంచు అలాగే ఉండిపోయింది.

"ఉన్నన్నాళ్లూ నోరెత్తలేదది," అన్నాడు డ్రైవరు. అతని గొంతు మామూలుగానే ఉంది. "పోయిందగ్గర్నుంచి ఒకటే పోరు. పగలూ రాత్రీ అక్కడే ఉన్నట్టు, ఎవరో పట్టుకుని మెలి తిప్పుతున్నట్టు. డాక్టరమ్మ అలాగే ఉంటుందంది. ఎన్నాళ్లుంటుందో చెప్పలేమంది."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. మేస్త్రి జేబు తడుముకున్నాడు. సుద్దముక్క అప్పటి నుంచీ అక్కడే ఉంది, అంచులు అరిగి గుండ్రమై. తీసి, బూటు ముందు భాగంలో, లోపల బెండు తప్ప ఏమీ లేని చోట, చిన్న సున్నా చుట్టాడు.

"ఇక్కడేనా?"

డ్రైవరు వంగి చూశాడు.

"కొంచెం ఇవతలికి."

మేస్త్రి ఆ గీతను బొటనవేలితో చెరిపేసి, కొంచెం ఇవతలికి మళ్లీ గీశాడు.